ఇంట్లో మూడు పొరల చాక్లెట్ బార్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో మా వంటింట్లో ఈ బార్లు చేయడం మొదలుపెట్టిన నాటి నుంచి ఫోన్లు ఆగలేదు. రాయగడ, గుణుపురం, బరంపురం, అప్పుడప్పుడు జయపురం నుంచి కూడా అడుగుతుంటారు. గొంతులు వేరు, సందేహాలు మాత్రం అవే: "అక్కా, క్యారమెల్ గట్టిపడలేదు", "చాక్లెట్ మీద తెల్లగా బూజులా వచ్చింది, పారేయాలా?" అందుకే అన్నిటినీ పని జరిగే వరుసలో ఒకచోట రాశాను. మీ ట్రే ఏ దశలో ఉందో అక్కడికే నేరుగా వెళ్ళండి. ముందుగా ఒక్క మాట. నా దాకా వచ్చిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం కింది పొర చల్లారకముందే పై పొర పోయడం వల్ల వచ్చినవే. ఈ వంటకు నైపుణ్యం కన్నా ఓపిక ఎక్కువ కావాలి.

## మొదలుపెట్టే ముందు

అసలు ఈ బార్లు ఏమిటి? ఎక్కడి వంట?

అడుగున వెన్న బిస్కెట్, మధ్యలో కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసిన క్యారమెల్, పైన చాక్లెట్. బ్రిటన్‌లో దీన్ని మిలియనీర్స్ షార్ట్‌బ్రెడ్ అంటారు. అడుగున ఉండే షార్ట్‌బ్రెడ్ స్కాట్లాండ్ వారి బిస్కెట్. కెనడాలో దీనికి బంధువు ఒకటి ఉంది. వాంకూవర్ ద్వీపంలోని ననైమో పట్టణం పేరుతో పిలిచే ననైమో బార్ అది. దానికి ఓవెన్ అక్కర్లేదు, మధ్య పొర కస్టర్డ్ పొడి కలిపిన వెన్న క్రీము. 2019లో కెనడా తపాలా శాఖ దాని మీద ఒక స్టాంపు కూడా వేసింది. ఒడిశాలో ఉండే మనకు క్యారమెల్ రుచి కొత్తది కాదు. ఛెనాపోడ (పాలు విరిచి తీసిన ఛెనాను కాల్చి చేసే మిఠాయి) అంచుల్లో పంచదార మాడీ మాడకుండా ఎర్రబడిన చోట వచ్చే వాసన గుర్తు తెచ్చుకోండి. మధ్య పొరలో మనం రాబట్టాలనుకునేది అలాంటి వాసననే.

ఒక ట్రేకి కొలతలు ఎంత?

20 సెంటీమీటర్ల చదరపు ట్రేకి, అంటే ఎనిమిది అంగుళాల దానికి, నేను వాడేవి ఇవి. అడుగు పొరకు మైదా 210 గ్రాములు, వెన్న 140, పంచదార పొడి 70, చిటికెడు ఉప్పు. పంచదార ఒక వంతు, వెన్న రెండు వంతులు, పిండి మూడు వంతులు అని గుర్తుంచుకుంటే కాగితం చూడాల్సిన పని ఉండదు. క్యారమెల్‌కు సుమారు 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి, వెన్న 100 గ్రాములు, బ్రౌన్ షుగర్ 100 గ్రాములు, తేనె రెండు పెద్ద చెంచాలు, ఉప్పు అర చెంచా. పైన పోయడానికి చాక్లెట్ 200 గ్రాములు, వాసన లేని నూనె ఒక చిన్న చెంచా. నాలుగు సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే 25 వస్తాయి. ఉప్పు వెన్న వాడుతుంటే రెండు చోట్లా విడిగా ఉప్పు వేయకండి.

ఇంట్లో తూకం లేదు. కప్పుతో కొలిస్తే సరిపోతుందా?

క్యారమెల్‌కు సరిపోతుంది, అడుగు పొరకు నమ్మకం లేదు. ఒకే కప్పులో మైదాను జల్లించి పోస్తే 120 గ్రాములు పట్టవచ్చు, డబ్బాలో ముంచి నొక్కితే 150 గ్రాములు పట్టవచ్చు. రెండు కప్పులకే అరవై గ్రాముల తేడా వస్తుంది. బిస్కెట్ రాయిలా రావడానికీ, నోట్లో కరిగిపోవడానికీ ఆ తేడా చాలు. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. వంటింటి కోసం నేను పెట్టిన ఖర్చుల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది అదే.

ఓవెన్ లేదు. బాణలిలో చేయవచ్చా?

తప్పకుండా చేయవచ్చు. బార్‌లో కాల్చాల్సింది అడుగు పొర ఒక్కటే, అది పొంగాల్సిన కేకు కాదు కాబట్టి బాణలి వేడి చాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చాక మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. బాణలి పద్ధతి మీద నాకు గురి కుదిరింది అప్పుడే.

మందపాటి పాత బాణలిలో ఒక అంగుళం మేర ఇసుక గానీ, రాళ్ళ ఉప్పు గానీ పోయండి. మధ్యలో స్టాండు పెట్టి, మూత వేసి, మధ్యస్థమైన మంట మీద పదిహేను నిమిషాలు వేడి చేయండి. తర్వాత ట్రే పెట్టి, మంట తగ్గించి, 40 నుంచి 45 నిమిషాలు ఉంచండి. వేడి కింది నుంచే వస్తుంది కాబట్టి పైభాగం తెల్లగానే ఉంటుంది. రంగు కోసం ఎదురుచూస్తే అడుగు మాడుతుంది. అంచులు లేత గోధుమ రంగుకు తిరిగి, ట్రే గోడ నుంచి కొద్దిగా విడివడితే దించేయండి. బాణలిలో చదరపు ట్రే పట్టకపోతే తొమ్మిది అంగుళాల గుండ్రటి టిన్ను తీసుకోండి. దాని వైశాల్యం ఎనిమిది అంగుళాల చదరపు ట్రేతో దాదాపు సమానం, కొలతలు మార్చనక్కర్లేదు. కుక్కర్‌ను మాత్రం నీళ్ళు లేకుండా ఇలా వేడి చేయవద్దంటాను, అడుగు పాడవుతుంది.

కాలుతుండగా మధ్యలో కరెంటు పోతే పిండి వృథా అవుతుందా?

కాదు. ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) తలుపు తెరవకండి, అందులోని వేడితో పిండి కొంతసేపు కాలుతూనే ఉంటుంది. అరగంటలోపు కరెంటు వస్తే మళ్ళీ వేడి చేసి మిగతా సమయం పూర్తి చేయండి, రుచిలో తేడా తెలియదు. ఇంకా ఆలస్యమైతే ట్రేను బాణలిలోకి మార్చండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం కాలబైశాఖి గాలివానలకు కరెంటు పోవడం మామూలే కాబట్టి ఆ రోజుల్లో ఈ పని పొద్దున్నే పెట్టుకోండి.

ఇందులో గుడ్డు ఉంటుందా? కార్తీకంలో చేయవచ్చా?

ఈ కొలతల్లో గుడ్డు లేదు. కార్తీక మాసంలోనూ, మార్గశిర గురువారాల్లోనూ మా వీధిలో తెలుగు ఇళ్ళకూ ఒడియా ఇళ్ళకూ కూడా ఇస్తుంటాను. ననైమో బార్ అడుగు పొరలో మాత్రం మామూలుగా గుడ్డు వేస్తారు, ఆ వంట చేసేవారు గమనించుకోండి.

## అడుగు పొర

వెన్న బదులు ఇంట్లో కాచిన నెయ్యి వేయవచ్చా?

వేయవచ్చు, అయితే కొలత తగ్గించాలి. కొనే వెన్నలో కొవ్వు 80 శాతం, మిగతాది చాలావరకు నీరు. నెయ్యిలో నీరు ఉండదు. 140 గ్రాముల వెన్నకు బదులు 115 గ్రాముల నెయ్యి సరిపోతుంది. నెయ్యి కరిగి ఉండకూడదు, పేరుకుని ఉండాలి. రుచి నాన్‌ఖటాయికి దగ్గరగా వస్తుంది, నాకు అదీ ఇష్టమే. వనస్పతి వాడితే బిస్కెట్ బాగానే విరుగుతుంది గాని తిన్నాక అంగిలికి మైనంలా అంటుకుంటుంది. వద్దు.

అడుగు పొర రాయిలా గట్టిగా వచ్చింది. ఏం తప్పు చేశాను?

పిండిని చపాతీ పిండిలా పిసికి ఉంటారు. మైదాకు నీరు తగిలి, పైన ఒత్తిడి పడితే అందులో సాగే గుణం పుడుతుంది. చపాతీకి అది కావాలి, ఈ బిస్కెట్‌కు అది శత్రువు. చల్లటి వెన్న ముక్కలను పిండిలో వేసి, వేళ్ళ చివరలతో నలుపుతూ ఇసుకలా చేయండి. గుప్పిట పడితే ముద్ద కావాలి, వేలితో తోస్తే విడిపోవాలి. అంతటితో ఆపేయండి. ఒక్క చుక్క నీరు కూడా పోయకండి. ట్రేలో పరిచి గ్లాసు అడుగుతో సమంగా నొక్కండి. ఫోర్కుతో అంగుళానికొక గాటు పెట్టి 165 డిగ్రీల వద్ద 25 నుంచి 30 నిమిషాలు కాల్చండి.

అడుగు పొర కోస్తుంటే పొడిపొడిగా రాలిపోతోంది. ఎందుకు?

మూడు కారణాలు ఉండవచ్చు: వెన్న తక్కువ కావడం, ట్రేలో సరిగ్గా నొక్కకపోవడం, లోపల పచ్చిగా మిగలడం. మొదట మూడోది చూడండి. ఒక మూల విరిచి చూస్తే మధ్యలో ముదురు రంగు తడి గీత కనిపిస్తే కాలలేదన్నమాట. క్యారమెల్ పోయకముందైతే ఇంకో ఎనిమిది నిమిషాలు కాల్చవచ్చు. పోసేశాక దారి లేదు. ఆ బార్లను చల్లగా ఉన్నప్పుడే పెద్ద ముక్కలుగా కోసుకోండి.

మైదా వద్దనుకుంటే చోడిపిండితో వస్తుందా?

మొత్తం చోడిపిండితో రాదు. మూడో వంతు వరకు, అంటే 210 గ్రాముల్లో 70 గ్రాముల వరకు వేస్తే చక్కగా వస్తుంది. రాగులనే మన వైపు చోళ్ళు అంటాం, ఒడియా ఇళ్ళలో మండియా. కొరాపుట్, రాయగడ కొండ ఊళ్ళ నుంచి వచ్చే చోడిపిండి నాకు చాక్లెట్‌తో బాగా నప్పుతుంది, ఆ మట్టి వాసన క్యారమెల్ తీపిని నిలబెడుతుంది. పిండిని ముందు పొడి బాణలిలో సన్నని మంట మీద ఐదు నిమిషాలు వేయించండి. లేకపోతే పచ్చి వాసన మిగులుతుంది. ఒక జాగ్రత్త: రంగు ముందే ముదురుగా ఉంటుంది కాబట్టి కాలిందో లేదో కళ్ళకు తెలియదు. వెన్న వేగిన వాసన వంటింటి గుమ్మం దాటి వచ్చినప్పుడు, అంచును వేలితో నొక్కితే లొంగనప్పుడు తీయండి.

బటర్ పేపర్ అడుగుకు అంటుకుపోయింది. ఏం చేయాలి?

మన దుకాణాల్లో బటర్ పేపర్ పేరుతో అమ్మే వాటిలో చాలావాటికి అంటుకోకుండా చేసే పూత ఉండదు. క్యారమెల్ దాని మీదికి కారితే అంతే సంగతులు. బేకింగ్ పేపర్ అని అడిగి తీసుకోండి. దొరకకపోతే బటర్ పేపర్‌కు రెండు వైపులా వెన్న రాయండి. రెండు అంచులు ట్రే బయటికి చెవుల్లా నిలబడేట్టు కత్తిరిస్తే, చివర మొత్తం పలకను వాటితో పైకెత్తవచ్చు. ఇప్పటికే అంటుకుని ఉంటే ఫ్రిజ్‌లో గంటసేపు పెట్టి, కాగితాన్ని నిలువుగా లాగకుండా దాదాపు అడ్డంగా మడుస్తూ ఒలవండి.

## క్యారమెల్ పొర

క్యారమెల్ ఎంతసేపు కాచాలి? పాకం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

గడియారం చూసి చెప్పగలిగేది కాదిది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో వెన్న, బ్రౌన్ షుగర్, తేనె కరిగించి, కండెన్స్‌డ్ మిల్క్ పోసి, సన్నని మంట మీద ఆపకుండా కలపాలి. నా పొయ్యి మీద ఉడుకు పట్టాక పది పన్నెండు నిమిషాలు పడుతుంది, మీ పొయ్యి మీద ఎనిమిదే కావచ్చు. థర్మామీటరు ఉంటే 110 నుంచి 112 డిగ్రీలు రావాలి.

లేకపోతే మన ఇళ్ళలో ఉన్న పరీక్షే చాలు. ఒక పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి అందులో ఒక చుక్క క్యారమెల్ వేయండి. నీళ్ళలో కరిగి మబ్బులా పరుచుకుంటే ఇంకా కాలేదు. వేలితో దగ్గరికి తోస్తే మెత్తటి ఉండగా కుదిరి, నీళ్ళలోంచి బయటికి తీసి నొక్కితే చదునైతే సరిగ్గా వచ్చినట్టు. అరిసెలకు చూసే ఉండపాకం ఇదే.

మొదట్లో నేను థర్మామీటరునే నమ్ముకుని మూడు ట్రేలు చేశాను. నాలుగోసారి మా పక్కింటి మౌసీ గిన్నె పక్కన నిలబడింది. ఆవిడ ఒడియా ఇంటి మనిషి, చాక్లెట్ బార్ ఎప్పుడూ చేయలేదు, ఆరిసా పిఠా, అంటే ఒడియా వారి అరిసెలు, మాత్రం నలభై ఏళ్ళుగా చేస్తోంది. చుక్క నీళ్ళలో పడగానే చూపుడు వేలితో పళ్ళెం అంచు దాకా నెట్టింది. అది సగం దూరం జారి, తోకలా సాగి, అక్కడే నిలిచిపోయింది. "ఇంకొంచెం కానీ అమ్మా" అంది. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ వేసిన చుక్క వేలి కింద శనగపప్పంత ఉండగా తిరిగింది. అప్పుడు థర్మామీటరు చూశాను, 111. మీ ఇంట్లో అరిసెల పాకం చూడగలిగిన చేయి ఒక్కటి ఉంటే ఈ పొర గురించి భయపడకండి.

ఇంకో గుర్తు గిన్నెలోనే కనిపిస్తుంది. గరిటెతో అడుగున గీత గీస్తే, రెండు వైపులా ఉన్న క్యారమెల్ వచ్చి కలవడానికి రెండు మూడు క్షణాలు పట్టాలి. వెంటనే కలిసిపోతే ఇంకా లేతగా ఉన్నట్టు.

రాత్రంతా ఉంచినా క్యారమెల్ గట్టిపడలేదు. ట్రే వంచితే జారుతోంది. బాగుచేయవచ్చా?

చాక్లెట్ పోయకముందైతే బాగుచేయవచ్చు. క్యారమెల్‌ను గరిటెతో మెల్లగా గీకి గిన్నెలోకి తీసుకోండి, అడుగు పొర పైపెచ్చు కొంత కలిసినా పర్వాలేదు. రెండు చెంచాల పాలు పోసి, సన్నని మంట మీద కరిగించి, నీళ్ళలో చుక్క ఉండగా కుదిరే వరకు మళ్ళీ కాయండి. చాక్లెట్ కూడా పోసేసి ఉంటే దాన్ని బార్‌గా కోయాలన్న ఆశ వదులుకుని, గిన్నెల్లోకి తీసి ఐస్‌క్రీముతో పెట్టండి, పిల్లలు సంతోషంగా తింటారు. ఒక మాట గుర్తుంచుకోండి. కాచిన వెంటనే క్యారమెల్ పలుచగానే కనిపిస్తుంది. అది గట్టిపడిందో లేదో గది వేడికి పూర్తిగా వచ్చాకే, కనీసం రెండు గంటల తర్వాతే చెప్పగలం.

నేను కొరాపుట్‌లో ఉంటాను. థర్మామీటరు 112 చూపించే సరికి క్యారమెల్ గట్టి టాఫీలా అయిపోతోంది. థర్మామీటరు పాడైందా?

పాడవలేదు, ఊరు ఎత్తులో ఉంది. కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 300 మీటర్లకు నీరు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి అక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పాకంలోని నీరు కూడా అంతే తొందరగా ఆవిరవుతుంది. మీరు 107 నుంచి 109 డిగ్రీల దగ్గర దించేయండి. ఏ ఊళ్ళో ఉన్నా ముందు మరిగే నీళ్ళలో థర్మామీటరు పెట్టి చూడండి. 100కు ఎన్ని డిగ్రీలు తక్కువ చూపిస్తే, పాకం లెక్కలో అన్ని డిగ్రీలు తగ్గించుకోండి.

క్యారమెల్‌లో గోధుమ రంగు తునకలు కనిపిస్తున్నాయి. ఏమిటవి?

అడుగంటిన పాలు. తినడానికి ప్రమాదమేమీ లేదు గాని చేదు తగులుతుంది. అవి కనిపించగానే అడుగు గీకకండి, గీకితే మాడింది మొత్తం పైకి వస్తుంది. పైన ఉన్నదాన్ని వేరే గిన్నెలోకి ఒంపుకుని, మంట ఇంకా తగ్గించి కొనసాగించండి. కావాలంటే వేడి మీదే జల్లెడలో వడకట్టండి. చెక్క గరిటె కన్నా అంచు మెత్తగా ఉండి వేడిని తట్టుకునే సిలికాన్ గరిటె గిన్నె మూలలకు బాగా అందుతుంది.

క్యారమెల్ మీద నూనె తేలింది. పారేయాలా?

అక్కర్లేదు. మంట ఎక్కువై నీరు తొందరగా ఆవిరైతే వెన్నలోని కొవ్వు విడిపోతుంది. దించి, ఒక పెద్ద చెంచా వేడి నీళ్ళు పోసి గట్టిగా గిలకొట్టండి. కలవకపోతే ఇంకో చెంచా. మళ్ళీ నునుపుగా అయ్యాకే పోయండి. నూనె తేలినదాన్ని అలాగే పోస్తే పైన చాక్లెట్ అంటుకోదు.

కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాను మూత తీయకుండా కుక్కర్‌లో ఉడికిస్తే తేలిక కదా?

దయచేసి అలా చేయకండి. మూసిన డబ్బా లోపల ఒత్తిడి పెరుగుతుంది, నీళ్ళు ఇంకిపోతే డబ్బా పగిలి ఒళ్ళు కాలుతుంది. తయారీదారులు కూడా అలా వేడి చేయవద్దనే చెబుతారు. పైగా డబ్బాలో నీరు ఆవిరై పోయే దారి లేదు కాబట్టి అందులో వచ్చేది చెంచాతో తినే జారుడు క్యారమెల్, ముక్కలుగా కోస్తే నిలబడదు. పొయ్యి దగ్గర పన్నెండు నిమిషాలు నిలబడడమే మేలు.

పంచదార బదులు బెల్లం వేస్తే పాలు విరుగుతాయా?

విరగవచ్చు. బెల్లంలో కొంత ఆమ్లగుణం ఉంటుంది, వేడి పాలకు తగిలితే గడ్డలు కడతాయి. బెల్లాన్ని ముందు వెన్నతో, రెండు చెంచాల నీళ్ళతో కరిగించి వడకట్టండి. చిటికెడు తినే సోడా వేసి కలిపి, మంట బాగా తగ్గించి కండెన్స్‌డ్ మిల్క్ కొద్దికొద్దిగా పోయండి. సోడాకు నురగ పొంగుతుంది కాబట్టి పెద్ద గిన్నె పెట్టుకోండి. చలికాలంలో దొరికే ఈత బెల్లంతో చేస్తే రంగు చాక్లెట్‌తో పోటీపడుతుంది, రుచి నాకు బ్రౌన్ షుగర్ కన్నా ఇష్టం.

కొరాపుట్ కాఫీ కలపాలని ఉంది. ఎలా?

కాఫీ పొడిని నేరుగా వేస్తే పంటి కింద ఇసుకలా తగులుతుంది. క్యారమెల్‌కు తీసిన వెన్నను కరిగించి, అందులో రెండు పెద్ద చెంచాల ఫిల్టర్ కాఫీ పొడి వేసి, సన్నని సెగ మీద ఐదు నిమిషాలు ఉంచి, పలుచటి గుడ్డలో వడకట్టండి. గుడ్డకు పట్టే వెన్న ఉంటుంది కాబట్టి 20 గ్రాములు ఎక్కువ తీసుకోండి.

## చాక్లెట్ పొర

కాంపౌండ్ వాడాలా, అసలు చాక్లెట్ వాడాలా?

అట్ట మీద చిన్న అక్షరాలు చదవండి. కోకో బటర్ అని ఉంటే చాక్లెట్. దాని బదులు హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ లాంటి పేరు ఉంటే కాంపౌండ్. కాంపౌండ్ కరిగించి పోస్తే చాలు, మెరుస్తూ గట్టిపడుతుంది, మన ఎండలను కొంత తట్టుకుంటుంది, ధర కూడా తక్కువ. రుచిలో మాత్రం చాక్లెట్‌కు సాటి రాదు. కోకో బటర్ మన ఒంటి వేడికి కాస్త తక్కువలో, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నాలుక మీద పెట్టగానే జారిపోయే సుఖం అందుకే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నేను చాక్లెట్టే వాడతాను. మే నెలలో చేసి ఎవరికైనా పంపాల్సి వస్తే కాంపౌండ్ తీసుకుంటాను, ఆ సంగతి వారికి చెప్పే ఇస్తాను.

కరిగిస్తుంటే చాక్లెట్ ఒక్కసారిగా ముద్ద కట్టింది. ఎందుకు?

ఎక్కడో నీటి చుక్క పడింది. తడి చెంచా గానీ, కింద గిన్నెలోని ఆవిరి గానీ చాలు. ఆ ముద్దను మళ్ళీ పలకలా పరవడం కుదరదు, కానీ పారేయకండి. 200 గ్రాములకు 100 గ్రాముల వేడి క్రీము పోసి నెమ్మదిగా కలిపితే నునుపైన గనాష్ అవుతుంది. దాన్నే పై పొరగా పోసి ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. అది పెళుసుగా విరగదు, మెత్తగా కోసుకుంటుంది.

గట్టిపడిన చాక్లెట్ మీద తెల్లని మచ్చలు వచ్చాయి. బూజా?

దాదాపు ఎప్పుడూ బూజు కాదు. రెండు రకాల తెలుపు ఉంటుంది. వేలితో రుద్దితే నూనెలా కరిగి పోయేది చాక్లెట్‌లోని కొవ్వు పైకి తేలినది. ఎక్కువ వేడి తగిలినప్పుడు, సరిగ్గా టెంపర్ చేయనప్పుడు, అంటే కరిగించిన చాక్లెట్‌ను కలుపుతూ తగిన వేడికి చల్లార్చనప్పుడు వస్తుంది. రుద్దినా పోకుండా గరుకుగా తగిలేది పంచదార. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి బార్ మీద మన తీరపు గాలిలోని తేమ చుక్కలుగా పేరుకుంటుంది, అందులో పంచదార కరిగి, నీరు ఆరాక తెల్లగా మిగులుతుంది. రెండూ తినవచ్చు. దూదిలా నూగు కనిపించినా, మక్కిన వాసన వచ్చినా మాత్రం అది బూజే, పారేయండి.

టెంపరింగ్ తప్పనిసరా? తేలిక పద్ధతి ఉందా?

కాంపౌండ్‌కు అక్కర్లేదు. అసలు చాక్లెట్‌కు చేస్తే మెరుపు, విరుపు వస్తాయి. తేలిక పద్ధతి ఇది. 200 గ్రాముల్లో మూడింట రెండు వంతులు వేడి నీళ్ళ గిన్నె మీద 45 డిగ్రీల వరకు కరిగించండి. దించి, మిగతా వంతును సన్నగా తరిగి వేసి, డార్క్ చాక్లెట్‌ను 31 నుంచి 32 డిగ్రీలకు, మిల్క్ చాక్లెట్‌ను 29 నుంచి 30 డిగ్రీలకు వచ్చేదాకా కలుపుతూ ఉండండి. కరగని తునకలు మిగిలితే తీసేయండి. గదిలోనే 35 డిగ్రీలు ఉన్న రోజున ఇది కుదరదు, తెల్లవారుజామున చేయండి. ఇంట్లో వారే తినే ట్రే అయితే టెంపరింగ్ మానేసి, నూనె ఒక చెంచా కలిపి పోసి, ఫ్రిజ్‌లో పెట్టుకున్నా తప్పు లేదు.

కొరికితే చాక్లెట్ పలక ఊడి వచ్చేస్తోంది. ఎలా అంటుకుంటుంది?

క్యారమెల్ మీద తేమ గానీ జిడ్డు గానీ ఉండి ఉంటుంది. ట్రేను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే చాక్లెట్ పోస్తే, రెండింటి మధ్య చెమ్మ చేరి అంటుకోదు. క్యారమెల్ గది వేడికి వచ్చాక, పైన పొడి గుడ్డ అద్ది, ఫోర్కు వెనకవైపుతో సన్నగా గీతలు గీసి, అప్పుడు పోయండి. పలాస జీడిపప్పు వేయించి, సగం చెక్కలను క్యారమెల్ వేడిగా ఉండగానే సగానికి గుచ్చితే, పైకి నిలిచిన భాగాన్ని చాక్లెట్ పట్టుకుంటుంది. నాకు తెలిసి అంతకన్నా మంచి ఉపాయం లేదు, తినడానికీ బాగుంటుంది.

## కోయడం, దాచడం, పంపడం

కోస్తుంటే చాక్లెట్ పగిలి, క్యారమెల్ పక్కలకు ఉబికి వస్తోంది. ఎలా కోయాలి?

చాక్లెట్ పూర్తిగా గట్టిపడకముందే, వేలు ముట్టిస్తే అంటని దశలో, పైన కత్తితో గీతలు గీసి పెట్టుకోండి. గట్టిపడ్డాక ఆ గీతల మీదే కోయాలి. పొడవాటి కత్తిని వేడి నీళ్ళలో ముంచి, పూర్తిగా తుడిచి, చాక్లెట్ మీద ఒక్క క్షణం ఆనించి, కరిగాక కిందికి నొక్కండి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగకండి. ప్రతి కోతకూ కత్తి తుడవాల్సిందే. పలకను తిరగేసి బిస్కెట్ వైపు నుంచి కోసేవారూ ఉన్నారు, చాక్లెట్ మందంగా ఉంటే అదీ బాగుంటుంది.

ఎన్ని రోజులు నిలవ ఉంటాయి?

చలికాలంలో గాలి చొరని డబ్బాలో, గదిలోనే వారం. ఎండాకాలంలో ఫ్రిజ్‌లో పది రోజులు. ఫ్రీజర్‌లో అయితే రెండు నెలలు. బయటికి తీశాక డబ్బా మూత వెంటనే తెరవకండి, లోపలి బార్లు గది వేడికి వచ్చేదాకా అరగంట ఆగండి. అప్పుడు తేమ బార్ల మీద కాక డబ్బా బయట చేరుతుంది.

బెల్లంతో చేస్తే షుగర్ ఉన్నవారు తినవచ్చా?

బెల్లం వేసినా, చోడిపిండి కలిపినా ఇది నిండుగా తీపి, వెన్న ఉన్న పదార్థమే. డాక్టరు వద్దన్నవారికి పెట్టకండి.

ఇంట్లో చేసి అమ్మవచ్చా?

అమ్మవచ్చు, ఇంటి నుంచి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు ఉండాలి. డబ్బా మీద చేసిన తేదీ, వాడిన వస్తువులు రాయండి. పాలు, గోధుమ, జీడిపప్పు ఉన్నాయని విడిగా రాయడం మరవకండి, వాటికి ఒళ్ళు పడనివారు ఉంటారు. మా వైపు కొనేవారిలో తెలుగు మాత్రమే చదివేవారూ, ఒడియా మాత్రమే చదివేవారూ ఉన్నారు కాబట్టి నేను రెండు లిపుల్లోనూ రాస్తాను.

విశాఖలో ఉన్న మా అమ్మాయికి రైల్లో పంపాలి. కరగకుండా వెళ్తాయా?

చలికాలంలో ఏ జాగ్రత్తా లేకుండా వెళ్తాయి. ఎండాకాలంలో కాంపౌండ్‌తో చేయండి, క్యారమెల్‌ను ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ కాయండి. ముక్కలను విడివిడిగా బేకింగ్ పేపర్‌లో చుట్టి, రేకు డబ్బాలో నిలువుగా, కదలకుండా పేర్చండి. డబ్బాను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, గుణుపురం నుంచి విశాఖ వెళ్ళే ప్యాసింజరు వచ్చే ముందు తీసి, నాలుగు మడతల తువ్వాలులో చుట్టండి. ఐస్ పెట్టకండి, కరిగిన నీరు లోపలికి చేరుతుంది. నీళ్ళ సీసా ఒకటి గడ్డకట్టించి, మూత బిగించి, తువ్వాలు బయటి మడతలో పెడితే చల్లదనం నిలుస్తుంది. కిటికీ పక్కన ఎండ పడే చోట కాకుండా సీటు కింద పెట్టమనండి. దిగాక వెంటనే డబ్బా తెరవకుండా అరగంట ఆగమని మీ అమ్మాయికి ముందే ఫోన్ చేసి చెప్పండి.